నీలాన్ని మింగే మబ్బు

ప్రియమైన మా చుక్కల పిల్లకి,

అమ్మమ్మ చెబుతుంటే మీ అత్తయ్య రాస్తున్న ఉత్తరం ఇది. మాట నాది, రాత దానిది. ఇందులో దాన్ని తిట్టిన తిట్లు కూడా అదే రాయాలి. ఒక్క తిట్టు తగ్గినా ఊరుకోనని ముందే చెప్పాను. నాకు అక్షరం ముక్క రాకపోవచ్చు గానీ కలం ఎంతసేపు గీసిందో చెవికి తెలుస్తుంది. పెద్ద తిట్టుకి చిన్న చప్పుడు వచ్చిందనుకో, మళ్ళీ చదివిస్తాను.

నాకో తీర్పు కావాలి. మన రంగుల షెడ్డులో నీలి తొట్టి పక్కన పీట ఉంది కదా, చిన్నప్పుడు దాని మీద ఎక్కి నా చేత దెబ్బలు తిన్నావు. ఆ పీట మీద మనిషి చెప్పిందే వేదం. బట్ట తొట్టిలోంచి ఆకుపచ్చగా వస్తుంది, గాలి తగిలాక నీలమవుతుంది. అప్పుడు దాన్ని చూసి "ఇంకో మునక" అనాలో "చాలు" అనాలో చెప్పేది పీట మీది మనిషే. మా అత్తగారు పోతూ పోతూ నాకిచ్చిన పీట అది. ఇప్పుడు మీ మామయ్య, నా కడుపున పుట్టినవాడు, దాని మీద నుంచి నన్ను దిగమంటున్నాడు. "అమ్మా, నీ కళ్ళలో పొరలు వచ్చాయి, ఆపరేషన్ చేయించుకో, పీట కోడలికి ఇచ్చెయ్" అంటాడు. నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఈ మధ్య లోకమే మాసిపోయింది, ఎవరూ సరిగ్గా ఉతకడం లేదు.

"నేను చెప్పిన మునకలతో దిగిన బట్ట తాను ఒక్కటైనా కొన్నవాళ్ళ దగ్గర్నించి తిరిగొచ్చిందిరా?" అని అడిగాను. లేదన్నాడు. "రంగు ఎక్కువైందనో తక్కువైందనో ఒక్కడైనా అన్నాడా?" లేదన్నాడు. మరి నా కళ్ళకి రోగం ఏమిటి?

అసలు దొంగ వేరే ఉంది. రాస్తున్నావా అమ్మాయ్? రాయి. మీ అత్తయ్యకి నా పీట మీద కన్నుంది. చివర్లో నేను "ఇంకో మునక" అన్నప్పుడల్లా ఆ దొంగమొహం బట్టని నా ముందున్న తొట్టిలో ముంచకుండా గోడ వెనక తొట్టి దగ్గరికి పట్టుకుపోతుంది. ఎందుకే అంటే "ముందు తొట్టి అలిసిపోయిందండీ, వెనకది తాజాగా ఉంది" అంటుంది. తొట్టి అలిసిందో లేదో నాకు చెప్పే మొనగత్తె! వెనక తొట్టిలో సొంత పాకమేదో కలుపుతోంది. రేపు నలుగురిలో ఈ నీలం నాదే అంటుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను. దొంగమొహం.

చూడ్డమే ఉద్యోగమైనదానివి నువ్వు. నా కళ్ళు పీటకి పనికొస్తాయా రావా, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పు. ఇంతకీ నువ్వు ఏదో మబ్బుని చూస్తున్నావట, మీ అమ్మ అంది. మబ్బులో వాన తప్ప చూడ్డానికి ఏముంటుందే?

నీ మీద ప్రేమతో, ఇంట్లోవాళ్ళ మీద మంటతో,
అమ్మమ్మ

(అన్నీ రాశాను. "దొంగమొహం" రెండుసార్లు అన్నారు, రెండుసార్లూ ఉంది చూసుకో. - అత్తయ్య)


ప్రియమైన అమ్మమ్మకి, దీన్ని చదివి వినిపిస్తున్న అత్తయ్యకి,

తీర్పు అడిగావు. ఇప్పుడే చెప్పలేను. సాక్ష్యం కావాలి. కంటిసాక్ష్యాన్ని మాత్రం తొందరపడి నమ్మకూడదని నా మబ్బే నాకు నేర్పింది. అందుకని ముందు దాని కథ విను.

ఇది వానమబ్బు కాదు. నక్షత్రాలకీ నక్షత్రాలకీ మధ్య ఉండే వాయువు, అందులో మసి లాంటి సన్నటి ధూళి. ఎంత పెద్దదంటే, ఈ అంచున బయల్దేరిన వెలుతురు ఆ అంచుకి చేరేలోపు కొన్ని తరాలు గడిచిపోతాయి. ఎంత చల్లనంటే, దాని ముందు మంచుగడ్డ నిప్పుకణిక. అలాంటి మబ్బుల్లో నక్షత్రాలు ఒక్కొక్కటిగా పుట్టవు. వేలకి వేలు, ఒకేచోట, ఇంచుమించు ఒకే ఈడువి, కిక్కిరిసి పుడతాయి. అన్ని నక్షత్రాలు అంత ఇరుకులో ఎలా పుట్టుకొస్తాయన్నదే నా పని.

తెలిసినంతవరకు జరిగేది ఇది. మబ్బులో ప్రతి రవ్వా మిగతా రవ్వలన్నిటినీ తనవైపు లాక్కుంటుంది. వెచ్చగా ఉంటే అవి ఎగిరిపడుతూ ఆ లాగుడికి లొంగవు. చల్లబడితే ఆ ఎగురుడు తగ్గి లాగుడిదే పైచేయి అవుతుంది. వాయువు పోగులు పోగులుగా సాగి లోపలికి జారుతుంది. పోగులు కలిసినచోట ముడి పడుతుంది. ఆ ముడుల్లో చిన్న చిన్న గుంపులుగా నక్షత్రాలు వెలుగుతాయి. తర్వాత ఆ చిన్న గుంపులు ఒకదాని మీదికి ఒకటి జారి ఒక్క పెద్ద గుంపవుతాయి. అలా అనుకుంటున్నాం. ఇంకా పూర్తిగా తేలలేదు.

ఆ నక్షత్రాల్లో బాగా బరువైనవి ఉంటాయే, అవి విపరీతమైన వేడి. వాటి నిజమైన రంగు నీలం. కానీ ఇక్కణ్ణించి మామూలు టెలిస్కోపుతో చూస్తే ఎర్రగా కనపడతాయి, లేదా అసలు కనపడవు. కారణం ఆ ధూళి. అది ముందు నీలాన్ని మింగుతుంది. ఎరుపు ఎలాగో జారుకుని బయటికి వస్తుంది.

అమ్మమ్మా, కోప్పడకు. కంట్లో వచ్చే పొర కూడా ముందు నీలాన్నే మింగుతుంది.

రెండు బొమ్మలు పంపుతున్నాను. రెండూ ఆకాశంలో ఒకే చోటువి. మొదటిది కంటికి కనపడే వెలుతురులో తీసింది. నల్లటి మరక, రెండు మూడు ఎర్రటి చుక్కలు, అంతే. రెండోది కంటికి అందని వెలుతురులో తీసింది. దానికి ధూళి అంతగా అడ్డు రాదు. అందులో నక్షత్రాలు ఏ రంగులో ఉన్నాయో నువ్వే చూసి రాయించు.

నీ ముక్కుమీది కోపం తెలిసీ ధైర్యం చేసిన
మనవరాలు


ప్రియమైనదానా, అతి తెలివిదానా,

నా కంట్లో మబ్బుందంటావా? పొర మాట మీ మామయ్య ఎక్కించాడు కదూ? నాలుగు రోజులు నీకు ఉత్తరమే వద్దనుకున్నాను. కానీ ఆ మబ్బు నన్ను నిద్రపోనివ్వడం లేదు, అందుకని రాయిస్తున్నాను.

రెండో బొమ్మలో చుక్కలు టీ ఒలికిన మరక రంగులో ఉన్నాయి. మీ అత్తయ్య నీలం అంది. గేటు దగ్గర కాపలా మనిషికి చూపించాను, నీలం అన్నాడు. బట్టల బండివాడు నీలం. ఎదురింటి కుట్టుపనావిడ "నీలమే కదండీ, ఎందుకలా అడుగుతారు?" అంది. అందరూ కూడబలుక్కున్నారు.

అది సరే, నన్ను కొరుకుతున్నది వేరే ఉంది. కంటికి అందని వెలుతురన్నావు. కంటికి అందనిదానికి రంగెక్కడిదే? అంటే ఆ నీలం మీరే వేశారన్నమాట! ఎవరు వేశారు? ఏ కొలత మీద వేశారు? రంగు వేసి బతికేదాన్ని నేను, నా దగ్గరా మీ దొంగ అద్దకం?

ఇంకోటి. మబ్బు తనంతట తను దగ్గరికి చేరుకుంటుందన్నావు. నీలిమందు ముద్ద నీళ్ళలో వేస్తే నీళ్ళంతా పాకుతుంది గానీ, పాకిన రంగు మళ్ళీ ముద్దగా చేరడం నేనెక్కడా చూడలేదు. విడిపోవడమే తెలుసు నాకు. చలికి జనం పొయ్యి చుట్టూ మూగినట్టు చేరతాయా? పెద్దవి ముందు పుడతాయా, చిన్నవి ముందు పుడతాయా? అన్నీ పుట్టేశాక ఆ మబ్బు ఏమవుతుంది? తల్లి మబ్బు కదా, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందా?

కలం ఎందుకు ఆపావు అమ్మాయ్? నవ్వుతున్నావా? నవ్వుతోంది. అదీ రాయి.

నా కేసు మాత్రం అలాగే ఉంది. ఒక్క తాను తిరిగి రాలేదు. దానికి జవాబు చెప్పలేదు నువ్వు.

సగం కోపంతో, సగం ఆరాటంతో,
అమ్మమ్మ

(నవ్వాను. క్షమించమన్నాను. క్షమించలేదు. - అత్తయ్య)


ప్రియమైన అమ్మమ్మకి,

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. "దొంగ అద్దకం" అన్నచోట మా గురువుగారు టీ మీద పోసుకున్నారు.

రంగులు వేసింది మేమే, నిజం. కానీ ఇష్టం వచ్చినట్టు కాదు. కంటికి అందని వెలుతురులోనూ వరస ఉంటుంది. పాటలో కొన్ని స్వరాలు చెవికి అందనంత కిందికి దిగిపోతే, మొత్తం పాటని ఒకే లెక్కన పైకెత్తి వినిపించినట్టు. ఆ వరసలో ఇటు కొసన ఉన్నదానికి నీలం, అటు కొసన ఉన్నదానికి ఎరుపు. వరస తప్పితే పక్క గదిలో ఉన్నావిడ మమ్మల్ని బతకనివ్వదు. ఆవిడకి నీ పోలికలున్నాయి.

పొయ్యి ఉపమానం కుదరదు అమ్మమ్మా. మధ్యలో పొయ్యి లేదు. ముందు చేరుకుంటాయి, చేరుకున్నాక అవే పొయ్యిలవుతాయి. నీలిమందు పాకడం కూడా నిజమే. తొట్టెడు నీళ్ళకి తనని తాను లాక్కునేంత బరువు లేదు, ఈ మబ్బుకి ఉంది. తేడా అంతా బరువులోనే.

పెద్దవి ముందా, చిన్నవి ముందా అన్నావు. దాని మీదే ఇక్కడ జుట్లు పట్టుకుంటున్నాం. మా గురువుగారు ఒకటంటారు, పక్క గది ఆవిడ కాదంటుంది. ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి. నాకు ఇంకా తెలియదు.

తల్లి మబ్బు సంగతి చెబితే బాధపడతావేమో. ఒళ్ళో పెట్టుకోదు. పెద్ద నక్షత్రాలు వెలగడం మొదలెట్టాక వాటి వెలుతురూ, వాటి మీంచి వీచే గాలీ ఆ మిగిలిన వాయువుని బయటికి తోసేస్తాయి. ఇక కొత్త పుట్టుకలుండవు. తమాషా ఏమిటంటే, అంతవరకూ గుంపుని పట్టి ఉంచినదాంట్లో ఆ వాయువు బరువూ ఉంది. అది పోగానే చాలా గుంపులు చెదిరిపోతాయి. వాయువులో ఎక్కువ భాగం ముందే నక్షత్రాలుగా మారిపోయి ఉంటే మాత్రం, ఆ నక్షత్రాల బరువే వాటిని పట్టి ఉంచుతుంది. నేను చూస్తున్న గుంపు నిలుస్తుందా, చెదురుతుందా? నా రోజంతా ఈ ప్రశ్నతోనే గడుస్తుంది.

నీ కేసుకి జవాబు నా దగ్గర లేదు. తానులెందుకు తిరిగి రాలేదో నాకు అర్థం కావడం లేదు. మా పద్ధతి ఒకటి చెబుతాను. ఒక టెలిస్కోపు చెప్పిందని దేన్నీ నమ్మం. ఇంకోదానితోనూ చూస్తాం. రెండూ ఒకే మాట చెప్పకపోతే ఒకటి తప్పు. లేదా రెండూ.

తీర్పు చెప్పడం చేతకాని జడ్జి,
మనవరాలు


ప్రియమైన జడ్జీగారికి,

నాకూ రెండున్నాయి కదా టెలిస్కోపులు.

నీ ఉత్తరం విన్నాక రెండో బొమ్మని కిటికీ దగ్గర పెట్టి, కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. చిక్కటి టీ. ఎడమది మూసి కుడిదానితో చూశాను. బూడిద, అందులో ఎక్కడో నీలం మాట వినపడీ వినపడనట్టు. ఒకటే బొమ్మ, ఒకటే కిటికీ, ఒకటే నేను. రెండు కళ్ళూ వీధికెక్కి తగువాడుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ జోడుగా చూశాను గానీ విడివిడిగా ఎప్పుడూ సాక్ష్యం అడగలేదు.

ఆపరేషన్‌కి వెళ్తున్నాను. మీ మామయ్య గెలిచాడని ఎక్కడా అనకు. నేను వెళ్తున్నది పరీక్షకి. ముందు ఎడమ కన్నే. కుడిదాన్ని సాక్షిగా ఉంచుకుంటాను, డాక్టరు ఏం చేశాడో అది చెబుతుంది. నా నీలం సరైనదే అని తేలిందో, మీ అందరి పని పడతాను.

నేను లేనప్పుడు పీట మీద ఎవరూ కూర్చోకూడదని గోడకి మేకు కొట్టించి పైన వేలాడదీయించాను. మీ అత్తయ్యకి అందనంత ఎత్తులో.

భయం లేదని రాయిస్తున్న
అమ్మమ్మ

(భయంగానే ఉన్నారు. పీట నాకు అందుతుంది. ముట్టుకోలేదు. - అత్తయ్య)


ప్రియమైన అమ్మమ్మకి, అత్తయ్యకి,

ఎలా జరిగింది? కట్టు విప్పారా? మామయ్యకి ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది, షెడ్డులోనే పెద్ద గొడవ" అని పెట్టేశాడు. ఏం గొడవ? అమ్మమ్మ చెప్పకపోతే అత్తయ్యా, నువ్వైనా ఒక ముక్క రాయి. ఇన్ని ఉత్తరాల్లో బ్రాకెట్లు దాటి నువ్వు మాట్లాడిందే లేదు.

ఇక్కడ ఒక కబురుంది. మా మబ్బులోని చిన్న గుంపుల కదలికలు కొలిచాం. ఎదురెదురుగా వస్తున్నాయి. చేరుకుంటున్నాయి అమ్మమ్మా! అక్కణ్ణించి వెలుతురు మనదాకా రావడానికి వేల ఏళ్ళు పట్టింది కాబట్టి ఇప్పటికి ఇంకొంచెం దగ్గరపడి ఉంటాయి. అవి కలిసేది చూడ్డానికి మనమెవరం ఉండం. అయినా ఆ లెక్క తేలిన పూట గదిలో అందరం గంతులేశాం.

ఉత్తరం కోసం కాచుకుని ఉన్న
మనవరాలు


ప్రియమైన మా చుక్కల పిల్లకి,

కట్టు విప్పగానే నర్సుతో తగువేసుకున్నాను. రాత్రికి రాత్రి కర్టెనుకి రంగెవరు వేశారని అడిగాను. "ఎవరూ వేయలేదు మామ్మా, మొదట్నించీ నీలమే" అంది. కుడి కంటితో చూశాను, గోనెపట్టా. ఎడమ కంటితో చూశాను, అబ్బ, ఏం నీలమే! నాలిక మీద ఉప్పురాయి పెట్టినట్టు తగిలింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ పూటంతా అదే పని. పక్క మంచం ఆవిడ నాకు మతి పోయిందనుకుంది.

నీ బొమ్మలో చుక్కలు నీలమే. ఒప్పుకున్నాను. రంగు వేసినవాళ్ళు పనివాళ్ళే గానీ అంచుల దగ్గర కాస్త ఎక్కువ పడింది, చెప్పు వాళ్ళకి.

ఇక గొడవ. డాక్టరు సరేనన్నాక పీట దింపించి కూర్చున్నాను. మొదటి తాను ఆరింది. కొత్త కంటితో చూశాను, ఇంకొక్కటి పడితే సరిగ్గా సరిపోతుంది. "ఇంకో మునక" అన్నాను. మీ అత్తయ్య అలవాటుగా వెనక తొట్టికి పట్టుకెళ్ళి తెచ్చింది. ఆరేశాం. ఏమీ పెరగలేదు. ఇంకోటి వెయ్యమన్నాను. మళ్ళీ అంతే, కడిగిన ముఖంలా పాలిపోయి కూర్చుంది బట్ట. నా కొత్త కన్ను కూడా మోసమేనా అనుకున్నాను. లేచి వెనక తొట్టి దగ్గరికి వెళ్ళాను. వంగొద్దన్నాడు డాక్టరు. వంగాను. మోచేతిదాకా ముంచి తీశాను.

చెయ్యి తెల్లగా బయటికొచ్చింది.

మంచినీళ్ళు! అందులో ఉన్నది ఉత్త మంచినీళ్ళు!

"ఏమిటే ఇది?" అని నేనరిచిన అరుపుకి ఎదురింటి కుట్టుమిషను ఆగిపోయింది. మీ అత్తయ్య బట్ట పట్టుకుని గోడకి అతుక్కుపోయింది. చెప్పవే అంటే చెప్పదు. అందుకని ఇప్పుడు కాగితం దాని ముందు పెట్టి, నేను నోరు మూసుకుని కూర్చుంటున్నాను. రాయి. నీ మాటే రాయి, నా మాట కాదు.

అమ్మాయ్, నేను అత్తయ్యని. అత్తగారు నిజంగానే నోరు మూసుకుని కూర్చున్నారు. మీ మామయ్య, ఒక్క తాను తిరిగొచ్చినా అమ్మని పీట దించేస్తానని కూర్చున్నారు. ఈవిడేమో నీలం కనపడక ఒక మునక ఎక్కువ చెబుతున్నారు. ఎక్కువైందండీ అని మొదట్లో ఒకసారి అన్నాను. ఆ రోజు ఈవిడ అన్నం తినలేదు. పీట దిగితే ఈవిడ మంచమెక్కుతారని, ఎక్కితే మళ్ళీ లేవరని నాకు భయం. అందుకని ఎక్కువైన మునకని నీళ్ళలో వేశాను. చప్పుడు వినపడితే ఆవిడకి తృప్తి, బట్ట చెడకపోతే అందరికీ తృప్తి. పీట కావాలని ఎప్పుడూ అనుకోలేదు. ఆపరేషనయ్యాక మానెయ్యాలని తెలుసు. చెయ్యి వినలేదు, దానంతటదే వెనక్కి వెళ్ళిపోయింది.

చాలు, ఇలా ఇవ్వు. ఇక నేను చెబుతాను.

ఆ రోజు కాగితం లాక్కుని ఎత్తిపెట్టాను, రెండు రోజులయ్యాక ఇప్పుడు మళ్ళీ రాయిస్తున్నాను. తిట్టడానికి నోరు తెరిస్తే ఏం తిట్టాలో తెలియలేదు. నేను ఎవరి మీద కేసు పెట్టానో ఆ మనిషే నా తరఫున కాపలా కాసిందని ఎలా తిడతావు? ఒక్క తాను తిరిగి రాలేదని నీ ముందు విరగబడ్డానే, ఆ గొప్ప నాది కాదు. దానిది. పైగా ఆ గొప్పంతా దాని చేతే రాయించాను. నోరెత్తకుండా రాసింది మహాతల్లి.

తీర్పు నువ్వు చెప్పలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఎవరి కన్ను చెబితే బట్ట సరిగ్గా దిగుతుందో పీట వాళ్ళది. మా అత్తగారి నుంచీ వస్తున్న న్యాయం ఇదే. ఇంతకాలం బట్ట దిగింది దాని కంటితో. నేను ఉత్తినే చెక్క మీద కూర్చున్నాను.

"కూర్చో" అన్నాను. కూర్చోనంది. "మీ కన్ను బాగైంది కదండీ, ఇప్పుడెందుకు?" అంది. బాగైంది కాబట్టే నీ పని ఎలాంటిదో కనపడిందే పిచ్చిదానా, అన్నాను. "మరి మీరేం చేస్తారు?" ముంచుతాను, అన్నాను. మీ మామయ్య వచ్చి "నేను చెప్పింది కూడా ఇదే కదమ్మా" అన్నాడు. నువ్వు చెప్పింది పీట దిగమని, నేను దిగింది లెక్క చూసి, రెంటికీ తేడా తెలియకపోతే వెళ్ళి గేటు దగ్గర కూర్చో అన్నాను.

నీ గుంపులు ఎదురెదురుగా వస్తున్నాయని విని అందరికీ చెప్పాను. చూడ్డానికి మనం ఉండమని తెలిసీ గంతులేశారంటే మీరు బాగానే పిచ్చివాళ్ళు. ఆ వాయువు పోయాక అవి నిలుస్తాయో లేదో తేలేదాకా వదలకు. పక్క గది ఆవిడ మాట కూడా కాస్త చెవిన పెట్టు, గట్టిగా అరిచేవాళ్ళది అన్నిసార్లూ తప్పు కాదు. కుడి కంటికి డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. వెళ్తాను. దానికిక సాక్ష్యం చెప్పే పని లేదు.

నిన్న మొదటి తాను దించాం. మీ అత్తయ్య పీట మీద, కొసకి కూర్చుంది, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు. నేను తొట్టి దగ్గర. ముంచాను, తీశాను, పచ్చదనం పోయి నీలం తిరిగింది. చూసి "చాలు" అంది. అని నా మొహం వైపు చూసింది. నా కొత్త కంటికి ఇంకో మునక పడుతుందనిపించింది. "చాలా?" అన్నాను, గట్టిగానే. "చాలండీ" అంది. ఈసారి బట్టనే చూస్తూ.

బట్ట నా చేతిలోనే ఉంది, తొట్టి నా కిందే ఉంది.

ఆరేశాను.

ఇట్లు,
ముంచే మనిషి,
మీ అమ్మమ్మ